11 కేవీ ఫీడర్ ట్రేస్ తప్పితే ఎక్కడ వెతకాలి

ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే కరెంటు లైను. జీఐఎస్ మ్యాప్‌లో అది ఎక్కడెక్కడికి కలిసి ఉందో సాఫ్ట్‌వేర్‌తో వెతికించడమే ట్రేస్. ట్రేస్ కొట్టగానే మ్యాప్ కంటే ముందు లెక్క చూడండి. సెక్షన్ ఆఫీసులో ఉండే ఫీడర్‌వారీ డీటీఆర్ (డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్) జాబితా దగ్గర పెట్టుకోండి. జాబితాలో 74 ఉండి ట్రేస్‌లో 61 వచ్చాయనుకుందాం. రాని 13 ఒకే ఊరి వైపు ఉంటే పైన ఒక్కచోటే తెగింది. చెల్లాచెదురుగా ఉంటే ట్యాపింగుల (మెయిన్ లైను నుంచి కొమ్మ లైను తీసే చోట్ల) దగ్గర సందులున్నాయి. 88 వస్తే పక్క ఫీడర్ వచ్చి కలిసింది. తక్కువ వస్తే ఎవరో ఒకరు అడుగుతారు, ఎక్కువొస్తే ఎవరూ పట్టించుకోరు. అందుకే ఎక్కువొచ్చిన ఫీడర్లనే ముందు చూడాలి.

సందులు ఎక్కువగా దొరికేది ట్యాపింగ్ పోల్ దగ్గర. చేతి జీపీఎస్‌కు మూడు నుంచి ఐదు మీటర్ల తేడా మామూలే. 1:5000 స్కేలులో అతుక్కున్నట్టే ఉన్న ట్యాప్ లైను 1:50కి జూమ్ చేస్తే మెయిన్ లైనుకు అర మీటరు ఇవతల ఆగిపోయో, దాన్ని దాటి అవతలికి పోయో ఉంటుంది. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో లైన్ల మొదటి, చివరి బిందువులు తీసి, వేరే ఏ లైను కొసా తగలని వాటిని వేరు చేయండి. వాటిలో డీటీఆర్, చివరి పోల్ పోగా, ఐదు మీటర్లలోపు మరో లైను ఉన్నవే అనుమానితులు. వాటిని ఒక్కొక్కటిగా చూసి స్నాప్ చేయండి, అంటే కొసను లైనుకు సరిగ్గా అతికించండి. ఐదు మీటర్ల టాలరెన్సుతో (ఎంత దూరం వరకు అతికించాలనే హద్దు) గంపగుత్తగా స్నాప్ చేస్తే, ఒకే పోల్ మీద రెండు ఫీడర్లు పోయే చోట రెండూ అంటుకుంటాయి. లేయర్ కోఆర్డినేట్లు డిగ్రీల్లో ఉంటే ఇంకా ఘోరం: అక్కడ టాలరెన్స్ 1 అంటే సుమారు 110 కిలోమీటర్లు.

పాలమూరు వైపు ఇంకో చిక్కుంది. యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 43, 44 జోన్లను విడదీసే 78 డిగ్రీల రేఖ మహబూబ్‌నగర్ పట్టణం దగ్గరే పోతుంది. నల్లగొండ 44లో ఉంది; మక్తల్, నారాయణపేట, గద్వాల 43లో. 43లోని కోఆర్డినేట్ అంకెలను 44విగా చదివిస్తే మక్తల్ లైను బంగాళాఖాతంలో తేలుతుంది. ముందు ఆ లేయర్‌కు 43 అని సరైన గుర్తింపు ఇచ్చి, ఆ తర్వాతే 44లోకి రీప్రొజెక్ట్ చేయాలి (అంకెలను లెక్కకట్టి మార్చాలి). మొత్తం నెట్‌వర్క్ ఈపీఎస్‌జీ 32644లోనే (యూటీఎం 44 జోన్ కోడ్) ఉంచండి. కనెక్టివిటీకి దాంతో నష్టం లేదు.

పక్క ఫీడర్ కలిసిందంటే మొదట పోల్ మీద లైనును కలిపే, విడదీసే ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్‌లు చూడండి: ఫీల్డులో ఓపెన్, మ్యాప్‌లో క్లోజ్ అయి ఉండొచ్చు. తర్వాత కట్ పాయింట్ పోల్. తీగ రెండు వైపులా ఉంటుంది, వాటిని కలిపే జంపర్లు (తీగ ముక్కలు) మాత్రం కట్టి ఉండవు. ఫొటోలో ఇది తెలియదు, లైన్‌మన్‌ను అడగాల్సిందే. మ్యాప్‌లో అక్కడ ఓపెన్ స్థితిలో ఒక డివైస్ పెట్టండి. మూడోది క్రాసింగ్. ఒక లైను మీదుగా ఇంకోటి పోయే చోట ఎవరో స్ప్లిట్ టూల్ నడిపితే లేని జంక్షన్ పుడుతుంది. నాలుగు కొసలు కలిసి, పోల్ లేని ప్రతి చోటూ అనుమానమే. ముక్కలను మళ్లీ ఒకే లైనుగా కలపండి. ఊళ్లలో రెండు డీటీఆర్‌ల ఎల్‌టీ (ఇళ్లకు వెళ్లే తక్కువ వోల్టేజీ) లైన్లు ఒకే పోల్ మీద విడివిడిగా ముగుస్తాయి. మ్యాప్‌లో అవి తగిలితే ట్రేస్ రెండో డీటీఆర్ గుండా పైకెక్కి ఇంకో ఫీడర్‌లో పడుతుంది.

ఆర్క్‌జీఐఎస్ యుటిలిటీ నెట్‌వర్క్ వాడేవాళ్లు సవరణ చేశాక వాలిడేట్ చేయాలి (సవరణను నెట్‌వర్క్‌లోకి ఎక్కించాలి), లేకపోతే ట్రేస్ పాత కనెక్షన్లనే చూపిస్తుంది.

మ్యాప్‌లో ఓపెన్ అని ఉందని ఎవరినీ పోల్ ఎక్కించొద్దు. లైన్ క్లియర్ (సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి), ఎర్తింగ్ వేరే సంగతి. అవి లేకుండా పని లేదు.

74కు 74 వచ్చినా జాబితాతో డీటీఆర్ కోడ్‌లు ఒక్కొక్కటీ సరిచూడండి. మూడు పోయి, పక్క ఫీడర్‌వి మూడు చేరినా మొత్తం 74గానే కనిపిస్తుంది.