వారానికి ఒక్క గుణం
బైబిల్లోని రెండవ పేతురు పత్రిక 1వ అధ్యాయం 5 నుంచి 7 వచనాల్లో విశ్వాసానికి జోడించుకోవలసినవి ఏడున్నాయి: సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం, సహనం, భక్తి, సహోదర ప్రేమ, దయ. వారానికి ఒక్కటే తీసుకోండి. ఆదివారం ఆరాధన నుంచి రాగానే ఆ మాటను చీటీ మీద రాసి, మీకు నోరు జారే చోట పెట్టుకోండి. బైబిల్లో పెడితే లాభం లేదు, అక్కడ అందరం మంచివాళ్లమే! నాకు నోరు జారేది వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్లో. మిర్చి ఘాటుకు తుమ్ములు ఆగక, కాంటా దగ్గర వరుస కదలక, హమాలీ మీద విరుచుకుపడేవాణ్ని. ఇప్పుడు ‘సహనం’ చీటీ చొక్కా జేబులో రసీదుల మీదే ఉంటుంది. రసీదు తీయబోతే ముందు అదే చేతికి తగులుతుంది. తప్పిన రోజున, రాత్రి ప్రార్థనకు ముందే ఆ మనిషిని క్షమాపణ అడగండి. నేను రెండుసార్లు అడిగాను. రెండోసారి అతను నవ్వేశాడు.