పనిలో తప్పు జరిగిన తర్వాత – మూడో పాఠం: బుగులు, నామోషీ, రంధి

పోయిన పాఠంలో తప్పు బయటపడిన మొదటి గంట గురించి చెప్పుకున్నాం. ఇంకా నష్టం కాకుండా ఆపగలిగింది ఆపడం, ఎవరి మీదా నెపం వేయకుండా నోరు కట్టుకోవడం, వాట్సాప్‌లో పొడుగు మెసేజ్‌లు పెట్టకపోవడం. ఇవాళ్టిది ఆ తర్వాత వచ్చే రాత్రి గురించి. నన్నడిగితే మొత్తం పాఠాల్లో ఇదే ముఖ్యం, ఎందుకంటే పగలు ఏదో ఒక పని చేతిలో ఉంటుంది, రాత్రి అందరూ పడుకున్నాక మనమూ మన తప్పూ తప్ప ఇంకెవరూ ఉండరు.

ముందు నా సంగతి చెప్తాను, పాఠమంతా దాని మీదే నడుస్తుంది. 2025 యాసంగి, ఏప్రిల్ చివర. నల్లగొండకు దగ్గర్లో ఒక ఊళ్లో వడ్ల కొనుగోలు సెంటర్, అక్కడ ట్యాబ్‌లో రైతుల వివరాలు ఎక్కించే పని నాది. ఆ రోజు సాయంత్రం నుంచే మబ్బు పట్టింది. కల్లంలో కుప్పల మీద టార్పాలిన్లు గుంజేవాళ్లు గుంజుతున్నారు, కాంటా అయిన బస్తాలు లారీకెక్కాలి, డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. రాత్రి తొమ్మిదిన్నర అయ్యుంటుంది. ట్యాబ్ అద్దం మీద వడ్ల నూగు పేరుకుపోయి వేలు పెడితే గీతలు పడుతోంది. నా ముందున్నది ఒక పెద్దమనిషి బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్, చెమటకు తడిసి మడతల దగ్గర అంకెలు చెదిరిపోయాయి. ఖాతా నంబర్ చివర 63 ఉంటే నేను 36 కొట్టాను.

184 బస్తాలు, బస్తాకు 40 కిలోలు. ఆ సీజన్‌లో 'ఎ' గ్రేడ్ వడ్లకు మద్దతు ధర క్వింటాకు 2,320. మొత్తం 1,70,752 రూపాయలు. ఆయన వెనక కాంటా అయినవాళ్లకు కూడా డబ్బులు పడ్డాయి, ఆయనకు పడలేదు. రోజూ పొద్దున్నే వచ్చి సెంటర్ పక్కన వేప చెట్టు కింద కూర్చునేవాడు, గట్టిగా ఒక్క మాట అనలేదు, "పడలేదా బిడ్డా" అని అడిగి పోయేవాడు. ఆరో రోజు ఎందుకో అనుమానమొచ్చి నేనే జిరాక్స్ తీసి స్క్రీన్ పక్కన పెట్టి చూశాను.

ఆ రాత్రి నాకు వచ్చింది ఒక్క బాధ కాదు, మూడు. అప్పుడు ఒకటే అనుకున్నాను, ఒకే ముద్దలాగా గొంతులో ఇరుక్కుంది. ఇవాళ నేర్చుకోవాల్సింది ఆ ముద్దను విడదీయడం. మన వైపు వీటికి మంచి మాటలు ఉన్నాయి, కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు.

ఏమైతదో అనే భయం బుగులు. నలుగురిలో తలెత్తుకోలేకపోవడం నామోషీ. అయిపోయిందాన్ని పట్టుకుని లోపల్లోపల తిప్పుతూ ఉండటం రంధి, పెద్దవాళ్లు "రంధి పెట్టుకోకు" అంటారే, అది. పాలమూరు వైపు వెళ్లినా, మిర్యాలగూడ వైపు వెళ్లినా ఇంట్లో ఎవరినడిగినా వీటి తేడా చెప్తారు. కానీ మన మీదికి వచ్చినప్పుడు మాత్రం అన్నిటినీ కలిపి "టెన్షన్" అనేస్తాం. టెన్షన్ అంటే ఏం చేయాలో తెలియదు. బుగులు అంటే తెలుస్తుంది.

పేరు పెడితే ఏమొస్తుంది అనుకోకండి. 2007లో అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీలో మాథ్యూ లీబర్‌మన్, ఆయన తోటి పరిశోధకులు కొందరి మెదడును స్కాన్ చేస్తూ భయపడ్డ ముఖాలు, కోపంగా ఉన్న ముఖాలు చూపించారు. ఆ ముఖంలో కనిపించే భావానికి సరైన మాట ఎంచుకోమన్నప్పుడు, మెదడులో అమిగ్డలా అని ఉంటుంది, ప్రమాదం అనగానే ఉలిక్కిపడే భాగం, దాని హడావుడి తగ్గింది. బాధ మొత్తం పోతుందని కాదు, కాస్త పక్కకు జరిగి చూసేంత చోటు దొరుకుతుంది, మనకు కావాల్సింది కూడా అంతే.

ఇప్పుడు అసలు పని. ఒక కాగితం తీసుకోండి, ఫోన్‌లో వద్దు. తలలో తిరుగుతున్న మాటలు ఎట్లా తిరుగుతున్నాయో అట్లాగే రాయండి, అందంగా రాయాల్సిన పనిలేదు, ఒక్కో మాట ఒక్కో వరుసలో. తర్వాత ప్రతి వరుస చివర చూడండి. మన భాషలో ఒక సౌకర్యం ఉంది, మాట తోకను బట్టి అది ఏ బాధో పట్టేయొచ్చు. "ఏమంటారో", "తీసేస్తారేమో" అని రేపటి వైపు పోతే అది బుగులు. "చూసి ఉంటే", "అడిగి ఉంటే" అని వెనక్కి పోతే రంధి. వరుసలో "వాళ్లు", "అందరూ" అని నలుగురి చూపు ఉన్నా, లేకపోతే "నేనింతే", "నాకు చేతకాదు" అని మనిషి మీదికి పోయినా నామోషీ.

నా కాగితం మీద ఆ రాత్రి ఉన్నవి ఇవి: రేపు పొద్దున ఆయన వస్తే ఏమని చెప్పాలో. సంఘంలో అందరూ నన్నెట్లా చూస్తారు. అంకెలు ఒక్కసారి చదివి వినిపించి ఉంటే అయిపోయేది. ఆ మబ్బు పట్టకపోయి ఉంటే. ఇంటర్ చదివి రెండంకెలు సరిగా కొట్టలేను నేను. సాయంత్రమే ట్యాబ్ తుడుచుకుని ఉంటే.

ఆరు వరుసల్లో మూడు రంధి, రెండు నామోషీ, ఒకే ఒక్కటి బుగులు. నేను మాత్రం అప్పటిదాకా భయపడుతున్నాననే అనుకున్నాను.

బుగులుకు మందు సులువు, కాబట్టి త్వరగా చెప్పేస్తాను. అది రేపటి గురించి కాబట్టి రేపటి పనులు రాస్తే చాలావరకు దిగుతుంది. 2018లో బేలర్ యూనివర్సిటీ వాళ్లు 57 మందిని ల్యాబ్‌లో పడుకోబెట్టి, నిద్రకు ముందు 5 నిమిషాలు కొందరితో ముందుముందు చేయాల్సిన పనులు, కొందరితో అప్పటికే చేసేసిన పనులు రాయించారు. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు, అదీ ఎంత విడివిడిగా రాస్తే అంత త్వరగా. కాబట్టి "సమస్య తేల్చాలి" అని రాయకండి. "ఎనిమిదింటికి ఇన్‌చార్జి అక్కకు జిరాక్స్ చూపించాలి, దిద్దిన నంబర్ ఏ ఆఫీసుకు పంపాలో కనుక్కోవాలి, పెద్దాయన వచ్చేలోపే వాళ్లింటికి పోవాలి" అని రాయండి. నేను అట్లాగే రాసుకుని తలగడ కింద పెట్టుకున్నాను.

నామోషీ అంత తేలిగ్గా పోదు. ఇది ఉన్నచోట మనిషి తప్పును దాచాలని చూస్తాడు, దాచిన తప్పు పెరుగుతుంది, అందుకే నాకు ఈ మూడింటిలో దీన్ని చూస్తేనే ఎక్కువ భయం. దీనికి రెండు పనులు చేయండి. మొదటిది, కాగితం మీద మనిషి గురించి రాసిన వరుసను పని గురించిన వరుసగా మార్చి కిందే రాయండి. "రెండంకెలు సరిగా కొట్టలేను నేను" అనేది "ఆ రాత్రి ఒక ఖాతాలో 63కు బదులు 36 కొట్టాను" అవుతుంది. రెండో వాక్యం కూడా నొప్పిగానే ఉంటుంది, ఉండనివ్వండి, తప్పు చేస్తే నొప్పి ఉండాలి కూడా. కానీ దాన్ని దిద్దొచ్చు. మొదటి వాక్యాన్ని దిద్దడానికి దారే లేదు.

రెండోది, అందరూ మననే చూస్తున్నారనే లెక్కను నమ్మకండి. కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్, ఆయన తోటివాళ్లు 2000లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక్కో విద్యార్థికి వేసుకోవడానికి సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్ట్ తొడిగి, తోటివాళ్లున్న గదిలోకి పంపారు. గదిలో ఎంతమంది ఆ బొమ్మ గమనించి ఉంటారని ఆ టీషర్ట్ వేసుకున్నవాళ్లను అడిగితే దాదాపు సగం మంది అని చెప్పారు. నిజంగా గమనించింది నాలుగో వంతు కూడా ఉండరు. ఆ రాత్రి సెంటర్‌లో మిగతావాళ్లు ఏం ఆలోచిస్తూ ఉండి ఉంటారు? తేమ 17 శాతం దాటిన కుప్పలు రేపు ఎండుతాయా లేదా అని.

తెల్లారి పెద్దాయన ఇంటికి పోయాను. గడప దగ్గర నిలబడి చెప్తుంటే నాకు ఏడుపాగలేదు, నాది తప్పు, నేనే కొట్టాను, నేనే చూసుకోలేదు, అని అదే మాట తిప్పితిప్పి చెప్తున్నాను. ఆయన బీడీ పక్కన పెట్టి అంతా విన్నాడు.

"సరే బిడ్డా, అయిందేదో అయింది. ఇప్పుడు ఎన్నొద్దులకు పడ్తయో అది చెప్పు."

నేను దాని గురించి ఒక్క మాటా చెప్పలేదు. నా నామోషీ గురించే చెప్తున్నాను. ఆయనకు కావాల్సింది తారీకు, ఎరువుల దుకాణంలో బాకీ ఉంది, వాళ్లకు ఒక మాట చెప్పుకోవాలి. ఆఫీసు నుంచి కనుక్కుని మధ్యాహ్నానికి చెప్తానన్నాను, చెప్పాను, తొమ్మిదో రోజున డబ్బులు పడ్డాయి. ఈ పాఠంలో గుర్తుంచుకోమని నేను బతిమాలేది ఏదైనా ఉంటే ఆ గడప దగ్గరి మాటే. ఎదుటి మనిషికి నష్టం జరిగినప్పుడు మన ఏడుపు కూడా అతనే మోయాల్సి రాకూడదు.

ఇక రంధి. డబ్బులు పడ్డాక కూడా నన్ను వదలనిది ఇదే. వారం పది రోజుల పాటు గిన్నెలు తోముతున్నా, ఆటోలో పోతున్నా, 63, 36.

రంధి ఆలోచనలాగా కనిపిస్తుంది, అందుకే మోసపోతాం. "నేను బాగా ఆలోచిస్తున్నాను, మళ్లీ ఇట్లా జరగకుండా చూసుకుంటున్నాను" అనిపిస్తుంది. కానీ ఆలోచన ఎక్కడో ఒకచోటికి చేరుతుంది, రంధి గానుగెద్దులాగా అక్కడక్కడే తిరుగుతుంది. సూజన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రవేత్త జీవితమంతా దీని మీదే పని చేశారు. 1989 అక్టోబరులో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. అంతకు రెండు వారాల ముందే ఆమె స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను, మనసు బాగాలేనప్పుడు మీరేం చేస్తారు అని అడిగి రాసిపెట్టి ఉంచారు, వేరే పని కోసం. భూకంపం తర్వాత మళ్లీ అడిగితే, బాధను తిప్పుతూ కూర్చునే అలవాటు ముందే ఉన్నవాళ్లు ఏడు వారాల తర్వాత కూడా ఎక్కువగా కుంగిపోయి ఉన్నారు.

రంధిని "ఆపు" అంటే ఆగదు, నేను చాలాసార్లు చేసి చూశాను. దాని తోక మార్చాలి. "ఉంటే" తీసేసి "ఇకనుంచి" పెట్టాలి. "అంకెలు చదివి వినిపించి ఉంటే" అన్న వరుస పక్కన "ఇకనుంచి చివరి నాలుగంకెలు రైతుతోనే చదివించి, ఆ తర్వాతే నొక్కుతాను" అని రాశాను. "ట్యాబ్ తుడుచుకుని ఉంటే" పక్కన "ఇకనుంచి చీకటి పడకముందు ఒకసారి తుడుస్తాను, మెత్తటి గుడ్డ సంచిలో ఉంటుంది". మరి "మబ్బు పట్టకపోయి ఉంటే"? దాన్ని ఇకనుంచిలోకి మార్చలేం, మబ్బు నా చేతిలో లేదు. అట్లాంటి వరుసను కొట్టేయండి. ఊరికే గీత పెట్టి వదలొద్దు, అక్షరాలు కనపడనంతగా కొట్టేయండి, చేతికి తెలియాలి.

ఆ తర్వాత అదే మాట మళ్లీ వస్తుంది, తప్పకుండా వస్తుంది. అప్పుడు వాదించకండి, "రాసిపెట్టాను" అని మీకు మీరే చెప్పుకుని చేతులకు పని ఇవ్వండి, చింతచిగురు ఏరడమో, బండి కడగడమో, ఏదైనా. నాకు రోజుకు ముప్పై సార్లు వచ్చేది పదికి, తర్వాత రెండు మూడుకు తగ్గింది. ఒక్కరోజులో పోలేదు.

ఇప్పుడు మీకు అభ్యాసం. దేవరకొండ వైపు ఎరువుల దుకాణంలో పని చేసే అబ్బాయి ఒకడు, పత్తికి పురుగు మందు అడిగిన రైతుకు గడ్డి మందు సీసా ఇచ్చాడు. అదృష్టం, రైతు మూత తీయకముందే బండి మీద పోయి తెచ్చేశాడు. చేనుకు ఏమీ కాలేదు, అయినా మూడు రాత్రులు నిద్ర లేదు. అతను చెప్పిన మాటలు ఇవి, ఏది ఏదో మీరే పెన్సిల్‌తో రాయండి: "సేటు జీతంలో పట్టుకుంటాడేమో." "ఆ ఫోన్ ఎత్తకపోయి ఉంటే సీసా మారేది కాదు." "దుకాణానికొచ్చే ప్రతి రైతుకూ ఈ ముచ్చట తెలిసినట్టే ఉంది." "నేను ఈ పనికి పనికిరాను." "నిన్న సెలవు పెట్టి ఉంటే బాగుండు, రేపు ఎట్లా పోవాలో."

మొదటిది బుగులు, రెండోది రంధి, మూడూ నాలుగూ నామోషీ. చివరిది చాలామంది ఒకటే అనుకుంటారు కానీ అందులో రెండు తోకలున్నాయి, దాన్ని రెండు వరుసలుగా విరగ్గొట్టాలి. ఫోన్ మాట మాత్రం ఇకనుంచిలోకి బాగా మారుతుంది, ఆ అబ్బాయి మార్చాడు కూడా: సీసా చేతిలో ఉండగా ఫోన్ ఎత్తడు, ఇచ్చే ముందు పేరు గట్టిగా చదువుతాడు.

ఒక జాగ్రత్త. ఈ కాగితం పని మామూలు తప్పులకు, మామూలు రాత్రులకు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి కుదరకపోతే, పనికి పోవాలంటే కాళ్లు రాకపోతే, చచ్చిపోదామనే మాట ఒక్కసారి మనసులోకి వచ్చినా, కాగితం పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, రాత్రయినా పగలయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పి చేయండి, వీలుకాకపోతే చెప్పకుండానైనా చేయండి.

ఈ వారం మీ కాగితం మీరు రాయండి. పాత తప్పు అయినా పర్వాలేదు, ఐదేళ్ల కిందటిదైనా ఇంకా తిరుగుతుంటే అదే తీసుకోండి. కొట్టేసిన వరుసలతో సహా దాచిపెట్టండి. తప్పును పైవాళ్లకు ఎప్పుడు చెప్పాలి, మొదటి వాక్యం ఏముండాలి అనేది నాలుగో పాఠం, దాన్ని ఆ "ఇకనుంచి" వరుసల నుంచే మొదలుపెడదాం.