హైదరాబాద్‌లో డ్రోన్ ఎగరేసే ముందు మ్యాప్ చూడండి

కొత్త డ్రోన్ కొనగానే చాలామంది ట్యాంక్‌బండ్ మీదకే వెళ్తారు, దయచేసి ఆ పని చేయకండి. బేగంపేట విమానాశ్రయం అక్కడికి చాలా దగ్గర, పక్కనే సచివాలయం కూడా ఉంది. శంషాబాద్ ఒక్కటి తప్పించుకుంటే చాలనుకోవద్దు, హకీంపేట, దుండిగల్‌లో వైమానిక దళం ఉంది, అక్కడ శిక్షణ విమానాలు ఎగురుతుంటాయి.

డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్) మీరు నిలబడే చోటే చూడండి, ఏరియా పేరు చూసి వదిలేయొద్దు. ఎరుపు జోన్ అయితే కేంద్రం అనుమతి లేనిదే డ్రోన్ లేపకూడదు. పసుపు జోన్‌లో ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) అనుమతి కావాలి. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు, కానీ విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో ఉంటే 200 అడుగులే, ఇది చాలామంది మర్చిపోతారు. అందుకే అలాంటి చోట డ్రోన్ యాప్ సెట్టింగ్స్‌లో గరిష్ఠ ఎత్తు 60 మీటర్లకు పెట్టేసుకోండి, పైకి చూస్తూ అంచనా వేస్తే తప్పుతుంది.

మ్యాప్ మారుతుంటుంది, ప్రతిసారీ చూడాల్సిందే. వీఐపీ పర్యటనలప్పుడు పోలీసులు విడిగా నిషేధం పెడతారు, అదీ కనుక్కోండి.

రిజిస్ట్రేషన్ చేసి యూఐఎన్ (డ్రోన్‌కి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబర్) తీసుకోండి. సరదాకి ఎగరేసే 2 కిలోల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. డ్రోన్ నిబంధనలు, 2021 ఉల్లంఘిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది. విమానం శబ్దం వినిపిస్తే మాత్రం షాట్ సంగతి వదిలేసి వెంటనే కిందకి దించేయండి.