రిఫరీని విమర్శించడం, ఊహాజట్టును కూర్చడం: ఫుట్‌బాల్ వాదనకు ఒక పద్ధతి

ఫుట్‌బాల్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే మాట సాధారణంగా రెండు విషయాల మీదికి మళ్లుతుంది. ఒకటి రిఫరీ ఇచ్చిన తీర్పు, రెండోది అన్ని కాలాల ఆటగాళ్లలో నుంచి పదకొండు మందిని ఏరి కూర్చే ఊహాజట్టు. రెండూ సరదా వాదనలే అయినా, రెండూ తరచుగా ఒకే కారణం చేత చెడిపోతుంటాయి: దేనితో కొలుస్తున్నామో తేల్చుకోకుండానే తీర్పు చెప్పడం మొదలుపెడతాం. రిఫరీ విషయంలో ఆ కొలబద్ద ముందే అచ్చయి ఉంటుంది, మనం దాన్ని చదవం. ఊహాజట్టు విషయంలో అది ఎక్కడా ఉండదు, మనమే రాసుకోవాలి, ఆ పనీ చేయం.

ముందుగా నిబంధన, అదీ ఆ ఏటి నిబంధన

ఫుట్‌బాల్ నిబంధనలు మొత్తం 17. వాటిని రూపొందించేది 1886లో ఏర్పడిన అంతర్జాతీయ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు. వాదనకు దిగేవారు అన్నిటినీ కంఠస్థం చేయనక్కర లేదు. రిఫరీ అధికారాలను చెప్పే 5వ నిబంధన, ఆఫ్‌సైడ్‌ను (సహచరుడు బంతి తన్నే క్షణానికి ప్రత్యర్థి గోల్ వైపు మరీ ముందుకెళ్లి ఉండడాన్ని) వివరించే 11వది, ఫౌల్‌లనూ దుష్ప్రవర్తననూ నిర్వచించే 12వది చదివితే చాలా తగవులు అక్కడే తేలిపోతాయి. అయితే చదివేది ఏ సంవత్సరపు నిబంధన అన్నది తప్పకుండా చూసుకోవాలి. ఉదాహరణకు, దాడి చేస్తున్న ఆటగాడి చేతికి బంతి అనుకోకుండా తగిలి, ఆ వెంటనే అతని సహచరుడు గోల్ చేస్తే, 2019 నుంచి 2021 వరకు ఆ గోల్ చెల్లేది కాదు. 2021లో వచ్చిన మార్పు తరువాత, అనుకోకుండా తగిలిన బంతి గోల్ కొట్టినవాడి సొంత చేతికే తగిలి ఉంటే తప్ప గోల్ రద్దు కాదు. అలాగే పెనాల్టీ ప్రాంతంలో బంతి కోసమే ప్రయత్నిస్తూ, ఖాయమైన గోల్ అవకాశాన్ని ఫౌల్‌తో అడ్డుకున్న డిఫెండర్‌కు 2016కు ముందు రెడ్ కార్డు పడేది. ఆ తరువాత పెనాల్టీతో పాటు ఎల్లో కార్డు మాత్రమే పడుతోంది. పాత మ్యాచ్ వీడియో పెట్టుకుని, ఇవాళ్టి నిబంధనతో ఆనాటి రిఫరీని తప్పుపట్టేవారు ఎందరో కనిపిస్తారు. వారిని ఒక్క ప్రశ్నతో ఆపవచ్చు: అప్పుడు నిబంధన ఏమిటి?

నిబంధనలోని చిన్న మాటలే పెద్ద తేడాలు తెస్తాయి. బంతి బయటికి పోయిందని చెప్పాలంటే అది పూర్తిగా గీత దాటి ఉండాలి. 2022 ప్రపంచ కప్‌లో స్పెయిన్‌తో జరిగిన మ్యాచ్‌లో జపాన్ ఆటగాడు మితోమా గోల్‌లైన్ అంచు నుంచి వెనక్కి తన్నిన బంతిని తనాకా గోల్‌గా మలిచాడు. బంతి నేలకు ఆనిన చోటు గీతకు అవతలే ఉంది కనుక పక్క నుంచి తీసిన దృశ్యాలు చూసినవారంతా అన్యాయమన్నారు. కానీ బంతి గుండ్రనిది. పై నుంచి చూస్తే దాని ఉబ్బు భాగం ఇంకా గీత మీదనే ఉంది. వీడియో చూసి రిఫరీకి సాయపడే వీఏఆర్ వ్యవస్థ గోల్‌ను నిలబెట్టింది, జపాన్ 2–1తో గెలిచింది, అదే సమయంలో కోస్టారికాను ఓడించినా అదే గ్రూపులోని జర్మనీ టోర్నీ నుంచి తప్పుకోవలసి వచ్చింది. కాబట్టి రిఫరీ మీద వేలెత్తే ముందు, మనం చూసిన దృశ్యం ఏ కోణం నుంచి వచ్చిందో గమనించాలి.

తప్పు ఏ రకానిదో విడదీయాలి

రిఫరీ తప్పులన్నీ ఒక గాటన కట్టదగినవి కావు. నా లెక్కలో అవి మూడు రకాలు: చూడలేకపోవడం, చూసినా అంచనా తప్పడం, నిబంధననో పద్ధతినో అమలు చేయడంలో పొరబడడం. విమర్శ పదును, అది ఎవరికి తగలాలన్నది, ఈ మూడింటిలో ఏది జరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది.

మొదటి రకానికి ప్రసిద్ధమైన ఉదాహరణ 1986 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో ఇంగ్లండ్‌పై మరడోనా చేత్తో చేసిన గోల్. ట్యునీసియా రిఫరీ అలీ బెన్నసూర్‌కు ఆ చేయి కనిపించలేదు. 2010లో జర్మనీతో జరిగిన మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి గీతకు చాలా లోపల పడినా రిఫరీకీ అసిస్టెంట్‌కూ అది తెలియలేదు. ఇలాంటి చోట మనిషిని తిట్టడం వల్ల ఒరిగేది లేదు. అతని చేతిలో ఏ సాధనం ఉంది, ఏది ఉండవలసింది అని అడగడమే సరైన విమర్శ. అది ఫలించిన సందర్భం కూడా ఇదే: 2012లో గోల్‌లైన్ సాంకేతికతకు అనుమతి వచ్చింది, 2014 ప్రపంచ కప్‌లో దాన్ని వాడారు.

రెండో రకంలో నిజాయితీగల ఇద్దరు మనుషులు రెండు అభిప్రాయాలకు రావచ్చు. 2002లో దక్షిణ కొరియాతో ఆడుతున్న ఇటలీ ఆటగాడు తొత్తి అదనపు సమయంలో పెనాల్టీ ప్రాంతంలో పడిపోగా, రిఫరీ బైరన్ మొరేనో దాన్ని నటనగా భావించి రెండో ఎల్లో కార్డు చూపించి బయటికి పంపాడు. డిఫెండర్‌తో తాకిడి జరిగిందా, జరిగితే పడిపోయేంతదా అన్నవి అంచనా ప్రశ్నలు. ఇక్కడ ‘నేనైతే ఇవ్వను’ అనడం వేరు, ‘ఏ రిఫరీ అయినా ఇవ్వకూడదు’ అనడం వేరు. రెండో మాట అనాలంటే చాలా బలమైన ఆధారం కావాలి.

మూడో రకంలో మాత్రం మొహమాటం అవసరం లేదు. 2006లో క్రొయేషియా–ఆస్ట్రేలియా మ్యాచ్‌లో రిఫరీ గ్రాహం పోల్ ఒకే ఆటగాడు సిమునిచ్‌కు మూడు ఎల్లో కార్డులు చూపించిన తరువాతే బయటికి పంపాడు. రెండో కార్డుకే పంపాలన్నది నిబంధన. ఇందులో అభిప్రాయ భేదానికి చోటే లేదు. 2023 సెప్టెంబరులో టోటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ చేసిన గోల్ కథ ఇంకా విచిత్రమైనది. మైదానంలో ఆఫ్‌సైడ్ ఇచ్చారు, వీఏఆర్ గదిలో ఉన్నవారు అది ఆఫ్‌సైడ్ కాదని గుర్తించారు, కానీ మైదానంలో గోల్ ఇచ్చారనుకుని తనిఖీ పూర్తయిందన్నారు. ఆట మళ్లీ మొదలయ్యాక వెనక్కి వెళ్లడానికి పద్ధతి ఒప్పుకోదు. కళ్లు సరిగానే చూశాయి, మాటే దారి తప్పింది. ఈ సంభాషణ రికార్డింగు తరువాత బయటికి వచ్చింది కాబట్టే అభిమానుల వాదన ఊహల మీద కాక వాస్తవం మీద నిలబడగలిగింది.

వీఏఆర్‌ను అడగవలసిన ప్రశ్న

వీఏఆర్ 2018లో నిబంధనల్లోకి చేరింది. అప్పుడు దానికి అప్పగించిన సందర్భాలు నాలుగు: గోల్, పెనాల్టీ, నేరుగా చూపే రెడ్ కార్డు, ఒకరికి బదులు మరొకరిని శిక్షించడం. ఏది మెరుగైన తీర్పు అని అది వెతకదు. మైదానంలో ఇచ్చిన తీర్పు స్పష్టంగా, ఎవరికైనా కనిపించేలా తప్పా అన్నదే దాని ప్రశ్న. అందుకే ఒకే రకమైన రెండు తాకిళ్లలో, మైదానంలో పెనాల్టీ ఇచ్చినచోట ఇచ్చినట్టుగా, ఇవ్వనిచోట ఇవ్వనట్టుగా మిగిలిపోవచ్చు. అది చూసేవారికి అసంబద్ధంగా తోచినా ఆ పద్ధతి ప్రకారం రెండూ సరైనవే. ఆఫ్‌సైడ్ మాత్రం అంచనా విషయం కాదు, కొలత విషయం, కాబట్టి ఇంతటి కొద్ది తేడాకు గోల్ తీసేస్తారా అనే ఫిర్యాదు రిఫరీకి కాక నిబంధన రాసినవారికి చెందుతుంది.

స్లో మోషన్‌తో జాగ్రత్త. తాకిడి ఎక్కడ జరిగింది, బంతి చేతికి తగిలిందా అన్నవి చూడడానికి అది పనికొస్తుంది. తాకిడి ఎంత బలమైనదో తేల్చడానికి మామూలు వేగంలోనే చూడాలని వీఏఆర్ పద్ధతి కూడా చెబుతుంది. నెమ్మదిగా చూస్తే ప్రతి టాకిల్ (బంతి లాక్కునే ప్రయత్నం) కావాలని చేసినట్టే ఉంటుంది.

పొరపాటు, పక్షపాతం, అమ్ముడుపోవడం

ఈ మూడు ఆరోపణలను ఒకదాని స్థానంలో ఒకటి వాడడం ఫుట్‌బాల్ వాదనలో నాకు అన్నిటికంటే అసహనం కలిగించే అలవాటు. డబ్బుకు లొంగిన రిఫరీలు చరిత్రలో లేకపోలేదు. జర్మనీలో రాబర్ట్ హాయ్‌జర్ బెట్టింగ్ ముఠా కోసం మ్యాచ్‌లను ప్రభావితం చేసినట్టు 2005లో ఒప్పుకుని జైలు శిక్ష పొందాడు. ఇటలీలో రిఫరీల నియామకాలను ప్రభావితం చేసిన వ్యవహారంలో 2006లో జువెంటస్ రెండు టైటిళ్లు కోల్పోయి రెండో డివిజన్‌కు దిగింది. అయితే మొదటి దానిలో ఒప్పుకోలు, రెండో దానిలో ఫోన్ సంభాషణల రికార్డులు ఆధారంగా ఉన్నాయి. ఒక్క పెనాల్టీ ఇవ్వనందుకు ఆ స్థాయి నిందను ఒక మనిషి మీద వేయడం తగదు. 2005లో బార్సిలోనా–చెల్సీ మ్యాచ్ తరువాత తనకూ కుటుంబానికీ వచ్చిన బెదిరింపుల వల్ల స్వీడన్ రిఫరీ ఆండర్స్ ఫ్రిస్క్ ఆ వృత్తినే వదిలేశాడు.

పక్షపాతం సంగతి కొంచెం వేరు, ఎందుకంటే అది తెలియకుండానే పనిచేయగలదు. సొంత మైదానంలో ఆడే జట్టు ఒక గోల్ వెనుకబడి ఉన్నప్పుడు రిఫరీలు ఎక్కువ అదనపు నిమిషాలు, ముందంజలో ఉన్నప్పుడు తక్కువ నిమిషాలు ఇచ్చారని స్పానిష్ లీగ్ మీద ఆర్థికవేత్తలు చేసిన ఒక పరిశోధన చూపింది. ఈ ఆరోపణకు ఇలాంటి ఆధారమే కావాలి, అంటే అనేక మ్యాచ్‌లు కలిపి చూసిన సరళి. మీ జట్టుకు జరిగినవి మాత్రమే గుర్తుంచుకుని చేసిన జాబితా సరళి కాదు.

ఇక ఆ తీర్పు వల్లే ఓడిపోయామన్న మాట. దీన్ని పరీక్షించడానికి స్కోరు, మిగిలిన సమయం చూడాలి. లాంపార్డ్ గోల్ ఇచ్చి ఉంటే మొదటి సగంలోనే స్కోరు 2–2 అయ్యేది, కానీ ఆ తరువాత ఇంకా యాభై నిమిషాలకు పైగా ఆట ఉంది, చివరికి జర్మనీ 4–1తో గెలిచింది. 2009లో ప్రపంచ కప్ అర్హత పోటీలో ఫ్రాన్స్ ఆటగాడు హెన్రీ చేత్తో ఆపి అందించిన బంతితో గల్లాస్ గోల్ చేసినప్పుడు ఐర్లండ్ అదనపు సమయంలో ఉంది, రెండు మ్యాచ్‌ల మొత్తం స్కోరు సమానంగా ఉంది, పెనాల్టీ షూటౌట్ దగ్గరలోనే ఉంది. ఐర్లండ్ అభిమానుల ఫిర్యాదు బరువు ఎక్కువని ఒప్పుకోవడానికి ఇంగ్లండ్ అభిమాని కూడా వెనుకాడనక్కర లేదు.

ఊహాజట్టుకు షరతులు

పేర్లు చెప్పుకోవడానికి ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. ఆటగాడి అత్యుత్తమ దశను చూస్తున్నామా, మొత్తం జీవితకాలాన్నా? 1996–97లో బార్సిలోనాకు 49 మ్యాచ్‌ల్లో 47 గోల్స్ చేసిన బ్రెజిల్ రొనాల్డో మొదటి కొలతలో ఎవరికీ తీసిపోడు. మోకాలి గాయాల తరువాతి సంవత్సరాలను కలిపితే లెక్క మారుతుంది. 1985 నుంచి 2009 వరకు ఏసీ మిలన్‌కే ఆడిన మల్దీని రెండో కొలతలో పైకి లేస్తాడు. తరువాత, ఈ జట్టు ఆడేది ఒక్క మ్యాచ్‌నా, ఒక పూర్తి సీజన్‌నా? సీజన్ అయితే బెంచి మీద కూర్చునేవారి ఎంపికకు కూడా అంతే శ్రద్ధ కావాలి.

మూడోది అందరూ మరచిపోయేది: ఏ ఏటి నిబంధనలు? 1992కు ముందు సహచరుడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోవచ్చు. గోల్‌కీపర్లలో ఏటి మేటి ఆటగాడికి ఇచ్చే బాలన్ డి ఓర్ అవార్డు గెలిచిన ఒకే ఒక్కడు, 1963 విజేత లెవ్ యాషిన్ ఆడింది ఆ కాలంలో. నేటి నిబంధనల్లో ఆడించాలంటే అతని కాళ్ల మీద కూడా మీకు నమ్మకం ఉండాలి. 1966లో పోర్చుగల్ డిఫెండర్ల దెబ్బలకు కుంటుతూనే పెలే మైదానంలో ఉండిపోవలసి వచ్చింది, ఎందుకంటే ప్రపంచ కప్‌లో సబ్‌స్టిట్యూట్‌లు, కార్డులు రెండూ 1970లోనే వచ్చాయి. నేటి రక్షణతో ఆడే పెలే, ఆనాటి టాకిల్‌ల మధ్య ఆడే మెస్సీ, ఇద్దరూ మనకు తెలిసిన ఆటగాళ్లు కారు.

పేర్లు కాదు, స్థానాలు

2020లో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక ప్రకటించిన సార్వకాలిక జట్టును తీసుకుందాం: యాషిన్, కఫు, బెకెన్‌బావర్, మల్దీని, జావి, మత్తాయుస్, మరడోనా, పెలే, మెస్సీ, బ్రెజిల్ రొనాల్డో, క్రిస్టియానో రొనాల్డో. గౌరవ పట్టికగా దీనికి వంక పెట్టలేం. ఆడవలసిన జట్టుగా చూస్తే కుడివైపు డిఫెండర్ కఫు ముందుకు పరుగెత్తినప్పుడు వెనుక మిగిలేది ఇద్దరు, బంతి పోయినప్పుడు దాన్ని తిరిగి గెలవవలసిన భారం దాదాపుగా మత్తాయుస్ ఒక్కడిది. 2003లో రియల్ మాడ్రిడ్ బెకామ్‌ను తెచ్చుకుని, అదే వేసవిలో డిఫెన్స్‌కు ముందు కాపలా కాసే మిడ్‌ఫీల్డర్ మకెలెలేను చెల్సీకి వదులుకుంది. ఆ తరువాత లీగ్ టైటిల్ కోసం 2007 దాకా ఆగవలసి వచ్చింది. గోడ కట్టేవాడిని పంపేసి రంగులు వేసేవారిని చేర్చుకున్నట్టయింది.

దీనికి ఎదురు ఉదాహరణగా 1970 బ్రెజిల్ జట్టును చూపిస్తారు, చూపించడం న్యాయమే. పెలే, తొస్తావ్, జెర్సన్, రివెలినో, జైర్జిన్యో, ఐదుగురూ దాడికి కేంద్రంగా ఆడగలవారే; అయినా కలిసి ఆడి ఫైనల్‌లో ఇటలీని 4–1తో ఓడించారు. అయితే కోచ్ జగాలో వారిని ఊరికే కుప్పగా నిలబెట్టలేదు. రివెలినో ఎడమవైపుకు, జైర్జిన్యో కుడివైపుకు, జెర్సన్ వెనక్కి జరిగారు, క్లోదోఆల్దో వారి వెనుక కాపలా కాశాడు, మిడ్‌ఫీల్డర్ పియాజా డిఫెన్స్‌లోకి వెళ్లాడు. పెద్ద పేర్లను కలపాలనుకునేవారు ఈ సర్దుబాట్లలో ఎవరు దేనికి ఒప్పుకుంటారో కూడా చెప్పాలి.

అందువల్ల ఎంపికను వెనుక నుంచి ముందుకు, జంటలుగా చేయడం మేలు. ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లలో (మధ్యలో ఆడే డిఫెండర్లలో) ఒకరు ముందుకు దూకేవాడైతే రెండోవాడు నిలబడేవాడు కావాలి. ఒకవైపు ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) దాడికి వెళ్లేవాడైతే అతని ముందున్న వింగర్ (అంచున దాడి చేసే ఆటగాడు) లోపలికి వచ్చేవాడై ఉండాలి, లేకపోతే ఇద్దరూ ఒకే గీత మీద నిలబడతారు. ఎడమవైపు స్థానాలకు అసలు ఎడమకాలి ఆటగాళ్లే కావాలని పట్టుబట్టనక్కర లేదు, మల్దీని కుడికాలివాడే. స్ట్రైకర్‌ను చివర ఎన్నుకోవాలి. మొదటే ఎన్నుకున్నవారు తరువాత మిగతా జట్టంతా అతని కోసం వంచుతారు.

ఇద్దరు ముగ్గురు పోటీగా జట్లు కూర్చేటప్పుడు వంతుల వారీగా ఎన్నుకోవడం అన్నిటికంటే రక్తి కట్టించే పద్ధతి. ఒకరు తీసుకున్న ఆటగాడు మరొకరికి దొరకడు. మొదటి వరుసలో చివర ఎన్నుకున్నవారు రెండో వరుసలో ముందు ఎన్నుకుంటారు. ఒక దేశం నుంచి ముగ్గురికి మించకూడదన్న పరిమితి పెడితే బ్రెజిల్, అర్జెంటీనాల మీదే అందరూ ఎగబడడం తగ్గుతుంది, హంగరీ ఆటగాడు పుష్కాష్ లాంటి పేర్లు గుర్తుకొస్తాయి.

జట్లు ఖరారయ్యాక ఎవరిది గొప్పదో ఓటు వేయించవద్దు. పేరున్నవారికే ఓట్లు పడతాయి. దానికి బదులు ఒకరి జట్టు మీద మరొకరు ప్రశ్నలు వేయాలి. మా వింగర్‌ను ఎవరు కాస్తారు? బంతి పోగొట్టుకున్న మొదటి ఐదు సెకన్లలో ఎవరు వెంటపడతారు? మీ ముగ్గురు ఫ్రీకిక్ నిపుణుల్లో కొట్టేది ఎవరు, మిగతా ఇద్దరూ ఒప్పుకుంటారా? పది మందితో మిగిలిపోతే బయటికి తీసేది ఎవరిని? జవాబు చెప్పలేకపోయినవారికి ఒక ఆటగాడిని మార్చుకునే అవకాశం ఇవ్వాలి. రెండోసారి ఇవ్వనక్కర లేదు.