డిటెక్టివ్ బోర్డు గేమ్ ఒక్కరి ఆటైపోతోందా? సమస్యలు - పరిష్కారాలు

నెల్లూరులోనో ఒంగోలులోనో ఆదివారం నలుగురు స్నేహితులు కూర్చుని ఆడుకోడానికి ‘షెర్లాక్ హోమ్స్ కన్సల్టింగ్ డిటెక్టివ్’ చాలా మంచి ఆట. పాచికల్లేవు, ఎదుటి జట్టు లేదు. లండన్ మ్యాపు, పేర్లూ అడ్రసులూ ఉండే డైరెక్టరీ, కేసు నాటి న్యూస్‌పేపరు, కేసు పుస్తకం ముందేసుకుని అందరూ కలిసి గుట్టు విప్పాలి. ఇది చెడిపోయేది ఎక్కువగా మనం కూర్చునే పద్ధతి వల్లే.

ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఫోన్లు చూస్తున్నారు

కేసు పుస్తకం ఇంగ్లీషులో ఉంటే గబగబా చదవగలిగినవాళ్ల చేతికే అది పోతుంది, పెన్నూ వాళ్ల దగ్గరే ఉంటుంది. సగం అర్థమైనవాళ్లు ‘ఇదేంది?’ అని అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు.

వస్తువులు పంచేయండి: ఒకరికి పుస్తకం, ఒకరికి మ్యాపూ డైరెక్టరీ, ఒకరికి పేపరు, ఒకరికి నోట్సు. ఒక్కో చోటికి వెళ్లొచ్చాక, అంటే పుస్తకంలో ఆ అడ్రసు కింద ఉన్నది చదివాక, పుస్తకం పక్కవాళ్లకు మారాలి. తర్వాత ఎక్కడికి పోవాలన్నదాంట్లో ఆఖరి మాట పుస్తకం పట్టుకున్నవాళ్లదే. పేరా చదివి ఆగి, ‘అంటే ఏందంటే’ అని రెండు ముక్కల్లో తెలుగులో చెప్పాలి. పేర్లు, వీధులు, టైములు మాత్రం ఉన్నవి ఉన్నట్టే నోట్సులో ఎక్కించాలి, ఆధారం చాలాసార్లు అక్కడే ఉంటుంది. తడబడుతూ చదివేవాళ్లను మధ్యలో సరిదిద్దకండి. ఒక్కసారి నవ్వితే వాళ్లు మళ్లీ పుస్తకం ముట్టుకోరు. పెట్టె మీద 8 మంది అని ఉన్నా మా లెక్కలో 4 మించకపోవడమే మేలు.

కేసు తేలింది, స్కోరు మాత్రం అడుగునే

కనబడిన ప్రతి పేరు ఇంటికీ వెళ్లడమే కారణం. చివర్లో మనల్ని పోల్చేది ఆ కేసును హోమ్స్ తేల్చిన తీరుతో, ఆయన స్కోరు 100. ఆయనకంటే అదనంగా వెళ్లిన ప్రతి చోటుకీ 5 పోతాయి. ఆయన 5 చోట్లతో ముగించిన కేసుకు మీరు 17 తిరిగితే 60 పోయినట్టే. అడుగు వేసే ముందు ‘అక్కడ మనకు ఏం తెలుస్తుంది?’ అన్నదానికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పండి. చెప్పలేకపోతే వెళ్లొద్దు. శవం దొరికిన కేసుల్లో సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రి, స్కాట్లండ్ యార్డ్ (లండన్ పోలీసుల ఆఫీసు) ముందు చూడదగ్గవి. మొదటి రెండు కేసులకు అసలు స్కోరే లెక్కపెట్టకండి.

మధ్యలో దారి మూసుకుపోయింది

పేపరు మొదట్లో ఒకసారి చదివి పక్కన పడేసి ఉంటారు. అప్పటికి ఆ పేర్లేవీ తెలియవు కాబట్టి బుర్రకెక్కవు. ప్రతి నాలుగు చోట్లకు ఒకసారి ప్రకటనలతో సహా మళ్లీ చదవండి. పాత కేసుల పేపర్లూ పనికొస్తాయి, అందుకే కేసులు వరసలోనే ఆడాలి.

కాగితాలు పాడవుతున్నాయి

ఫ్యాను కింద పేపరు ఎగరకుండా బరువు పెట్టండి. కారందోసె తిన్న చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మ్యాపు ముట్టుకోవాలి. నెయ్యి మరక ఇక పోదు.

చివర్లో ‘నువ్వు చెప్పిందే సరేలే’ అంటున్నారు

కేసు చివరుండే ప్రశ్నల పేజీ తెరిచాక మాట్లాడుకోకుండా ఎవరి జవాబు వాళ్లు విడి కాగితం మీద రాయండి. రాశాకే కాగితాలు తిప్పి, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే వాదించుకోండి. జవాబుల పేజీ ఆ తర్వాతే.