ఫాయోల్ 14 సూత్రాలు గుర్తుండాలంటే

ఫ్రెంచ్ మేనేజ్‌మెంట్ నిపుణుడు ఫాయోల్ 1916లో రాసిన 14 మేనేజ్‌మెంట్ సూత్రాలు బట్టీ పడితే పరీక్ష హాల్లో సగం ఎగిరిపోతాయి. రోజుకి రెండు తీసుకుని, ఒక్కోదానికి మన వైజాగ్‌లో కళ్లెదుట కనిపించే ఉదాహరణ కార్డు మీద రాయండి. సిటీ బస్సులో డ్రైవరు, కండక్టరు: పని విభజన. బీచ్ రోడ్డు మురీ మిక్స్చర్ బండి మీద ప్రతి డబ్బా దాని చోటే: ఆర్డర్. యూనిటీ ఆఫ్ కమాండ్, యూనిటీ ఆఫ్ డైరెక్షన్ అందరినీ తికమక పెడతాయి కాబట్టి రెండూ ఒకే టిఫిన్ సెంటర్‌కి ముడిపెట్టండి: సర్వర్‌కి పని చెప్పేది ఒక్క ఓనరే (కమాండ్), పార్సిల్ పనంతటికీ ప్లాన్ ఒక్కటే, చూసుకునేదీ ఒక్కరే (డైరెక్షన్). వారంలో అయిపోతాయి.

బిజినెస్ ఎథిక్స్ పేపర్‌కి మాత్రం ఇది పనికిరాదు. అక్కడ కేసు ఇచ్చి నిర్ణయం అడుగుతారు. ఎవరికి నష్టం, ఎవరి బాధ్యత ఎంత అన్నది వాదించి రాయాల్సిందే.