యూకేలో రిటైరై బరంపురం వచ్చేస్తున్నారా? పెన్షన్, వైద్యం కాగితాలు ఇలా సర్దుకోండి

మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి అప్పట్లో డాక్టర్లుగా, నర్సులుగా యూకే వెళ్లినోళ్లు ఇప్పుడు అరవై ఐదు దాటి, పిల్లలు అక్కడే సెటిలైపోయి, ఇంక చాల్లే ఊరెళ్లిపోదాం అంటన్నారు. ఫోన్ చేస్తే అందరూ మొదట అడిగేది ఒకటే, బ్రెక్సిట్ (యూకే యూరోపియన్ యూనియన్, అదే ఈయూ, నుంచి బయటికొచ్చేయడం) వల్ల మన పెన్షన్‌కి ఏటైనా అవుద్దా, ఇండియా వచ్చేస్తే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్యం) పోద్దా అని. మా ఇంట్లోనే ఇద్దరు పెదనాన్నలున్నారు, ఒకాయన స్పెయిన్‌లో ఇల్లు కొనుక్కుని ఉండిపోయారు, ఇంకొకాయన ఇక్కడ పాత ఇల్లు బాగుచేయించుకుని వచ్చేశారు, ఇద్దరి కాగితాలూ నేనే చూస్తుంటాను కాబట్టి తెలిసింది రాస్తన్నాను.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఇండియా వచ్చేవాళ్లకి బ్రెక్సిట్ వల్ల పోయింది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే మనకి ముందునుంచీ ఇచ్చిందే లేదు. బ్రెక్సిట్ దెబ్బ తగిలింది యూరప్‌లో రిటైరవుదాం అనుకున్నవాళ్లకి. 2020 డిసెంబర్ 31 లోపు స్పెయిన్‌లోనో ఫ్రాన్స్‌లోనో పద్ధతిగా నివాసం ఉన్నవాళ్లకి విత్‌డ్రాయల్ అగ్రిమెంట్ (యూకే, ఈయూ విడిపోయేటప్పుడు రాసుకున్న ఒప్పందం) కింద పాత హక్కులు ఉండిపోయాయి. ఆ తర్వాత వెళ్లేవాళ్లకి వీసా కావాలి, లేకపోతే 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి. స్పెయిన్ నాన్ లుక్రేటివ్ వీసాకి (అక్కడ ఉద్యోగం చెయ్యకుండా ఉండడానికి ఇచ్చేది) ఒక మనిషికి నెలకి 2,400 యూరోల ఆదాయం చూపించాలి, పైగా ప్రైవేట్ హెల్త్ ఇన్సూరెన్స్. అయితే చాలామందికి తెలీని ముక్క ఇంకోటుంది, యూకే స్టేట్ పెన్షన్ (అక్కడి ప్రభుత్వం ఇచ్చే పెన్షన్) తీసుకునేవాళ్లు ఈయూ దేశంలో ఉంటే ఎస్1 అనే ఫారం ఇప్పటికీ ఇస్తారు, ఆ దేశంలో వైద్యం ఖర్చు యూకే భరిస్తుంది, పెన్షన్ కూడా ఏటా పెరుగుద్ది. అంటే బ్రెక్సిట్ తర్వాత కూడా స్పెయిన్ పెదనాన్నకి ఆ రెండూ ఉన్నాయి, బరంపురం పెదనాన్నకి రెండూ లేవు. బ్రెక్సిట్ జరక్కపోయినా ఇదే కథ.

ఇప్పుడు పెన్షన్ ఫ్రీజ్ సంగతి. ఇదే అసలు గుదిబండ. ఇండియాలో ఉంటే యూకే స్టేట్ పెన్షన్ అక్కణ్ణుంచి వచ్చేసేటప్పుడు ఎంత ఉందో, ఇక్కడికొచ్చాక మొదలైతే మొదటిరోజు ఎంత వచ్చిందో, జీవితాంతం అంతే. ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో ఉన్నవాళ్లకీ ఇంతే. అమెరికా, ఫిలిప్పీన్స్ వాళ్లకి మాత్రం పెరుగుద్ది, ఎందుకంటే వాళ్లతో ఒప్పందం ఉంది, అంతే కారణం. దీని మీద కోర్టుకి కూడా వెళ్లారు, 2010లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టులో కూడా ఓడిపోయారు.

లెక్క వేసి చూపిస్తాను. 2016 ఏప్రిల్‌లో కొత్త స్టేట్ పెన్షన్ మొదలైనప్పుడు ఫుల్ రేటు వారానికి 155.65 పౌండ్లు. అదే ఏప్రిల్‌లో మొదలెట్టి ఇండియాలో ఉన్నాయనకి ఇప్పటికీ 155.65 పౌండ్లే. స్పెయిన్‌లో ఉన్నాయనకి 2025-26లో 230.25 పౌండ్లు. వారానికి తేడా 74.60 పౌండ్లు, ఏడాదికి సుమారు 3,880, పౌండు 110 రూపాయలు వేసుకున్నా నాలుగు లక్షల పైమాటే. ఇది ఒక్క ఏడాది తేడా, ఏటేటా ఇంకా పెరుగుద్ది. దీనికితోడు పౌండు ఊగిసలాట ఒకటి. 2016 జూన్ 23న బ్రెక్సిట్ మీద ఓటింగ్ జరిగే ముందు పౌండు 100 రూపాయల దగ్గరుండేది, అక్టోబర్ కల్లా 80 చిల్లరకి పడిపోయింది. ఇండియా పెన్షనర్లకి బ్రెక్సిట్ నిజంగా తగిలింది అంటే అదొక్కటే, నెలనెలా వచ్చే రూపాయలు ఒక్కసారి అయిదో వంతు తగ్గిపోయాయి. తర్వాత పౌండు కోలుకుంది అనుకోండి. అందుకని మీ బడ్జెట్ ఇవాళ్టి పౌండు రేటుకి వేసుకోవద్దు, ఇరవై శాతం తక్కువకి వేసుకోండి, ఇక్కడ పనిమనిషి జీతం, మందులు, కరెంటు ఏటా పెరుగుతాయని కూడా కలిపి చూసుకోండి.

2025 జూలైలో ఇండియా-యూకే వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి కదా, అందులో పెన్షన్ పెంపు కూడా ఉందని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. లేదు. దాంతోపాటు ఒప్పుకున్నది తాత్కాలికంగా అక్కడికి ఉద్యోగానికి వెళ్లేవాళ్లు రెండు చోట్లా కాకుండా ఒక్క దేశంలోనే కాంట్రిబ్యూషన్ కడితే చాలన్న సంగతి, రిటైరైనోళ్లకి దాంతో పన్లేదు.

కాస్త ఊరట ఏటంటే ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసినవాళ్లకి వచ్చే ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ ఫ్రీజ్ అవదు, ఎక్కడున్నా ధరల్ని బట్టి ఏటా పెరుగుద్ది. ఈ రెండు పెన్షన్లూ ఒకటే అనుకుని కంగారు పడేవాళ్లు చాలామంది, విడివిడిగా చూసుకోండి. ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లు 2016 వరకు చాలా ఏళ్లు కాంట్రాక్టెడ్ ఔట్‌లో (నేషనల్ ఇన్సూరెన్స్ తక్కువ కట్టి స్టేట్ పెన్షన్‌లో కొంత వదులుకునే పద్ధతి) ఉన్నారు కాబట్టి స్టేట్ పెన్షన్ ఫుల్ రేటు రాకపోవచ్చు, యూకే గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో పెన్షన్ ఫోర్‌కాస్ట్ తీసి చూస్తేగానీ తెలీదు. ఫోర్‌కాస్ట్ బయల్దేరకముందే తీయండి, అక్కడి ఫోన్ నంబర్ లేకపోతే లాగిన్ కోడ్ దగ్గరే సగం జనం ఆగిపోతారు.

స్టేట్ పెన్షన్ రావాలంటే కనీసం 10 ఏళ్లు, ఫుల్ రావాలంటే 35 ఏళ్ల నేషనల్ ఇన్సూరెన్స్ (అక్కడ జీతంలోంచి కట్టే చందా) ఉండాలి. మధ్యలో ఖాళీలు ఉంటే డబ్బు కట్టి పూడ్చుకోవచ్చు, మామూలుగా వెనక ఆరేళ్ల వరకే. 2025-26 రేటులో క్లాస్ 3 (ఇలా మనంతట మనం కట్టే చందా) ఒక ఏడాదికి సుమారు 923 పౌండ్లు, దానికి పెన్షన్ ఏడాదికి సుమారు 342 పౌండ్లు పెరుగుద్ది, మూడేళ్లలోపే డబ్బు వెనక్కి. ఫ్రీజ్ అయినా సరే ఇది లాభమే అని నా లెక్క, ఆరోగ్యం బాగుంటే కట్టేయండి. విదేశాల్లో ఉండి చవగ్గా క్లాస్ 2 కట్టుకునే దారి మాత్రం 2026 ఏప్రిల్ నుంచి మూసేశారు.

ఇంకో మాట సూటిగా చెప్తాను. కొంతమంది కొడుకు అడ్రసు లీసెస్టర్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో పెట్టి, ఇండియాలో ఉంటూనే పెన్షన్ పెంపు తీసుకుంటున్నారు, జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు కూడా ఉంచేస్తున్నారు. చెయ్యొద్దు. దేశం వదిలి వెళ్తున్నట్టు పెన్షన్ ఆఫీసుకి చెప్పడం రూలు, దొరికితే ఎక్కువ ఇచ్చింది మొత్తం వెనక్కి లాగుతారు, కేసు కూడా పెట్టొచ్చు, డెబ్బై ఏళ్ల వయసులో ఈ తలనొప్పి ఎందుకండీ. న్యాయంగా దొరికేది ఒకటుంది, మీరు పిల్లల్ని చూడ్డానికి యూకే వెళ్లినప్పుడు అక్కడున్నన్నాళ్లకీ పెరిగిన రేటు అడిగి తీసుకోవచ్చు, తిరిగొచ్చాక మళ్లీ పాత రేటే.

బ్యాంకు. పెన్షన్‌ని నేరుగా ఇక్కడి అకౌంట్‌కి వేయించుకోవచ్చు, యూకే అకౌంట్లో కూడా వేయించుకోవచ్చు. బ్రెక్సిట్ తర్వాత ఈయూలో ఉంటున్నవాళ్ల అకౌంట్లని కొన్ని బ్రిటిష్ బ్యాంకులు మూసేశాయి, లైసెన్స్ అటు పనిచెయ్యదని. ఇండియా అడ్రసుకి కూడా ప్రతి బ్యాంకూ ఒకేలా ఉండదు, కాబట్టి మీ బ్యాంకుని ముందే రాతపూర్వకంగా అడగండి. ఇక్కడికొచ్చి స్థిరపడ్డాక ఎన్ఆర్ఈ అకౌంట్ (బయట దేశంలో ఉండేవాళ్లకి ఇచ్చేది) అలాగే ఉంచకూడదు, రెసిడెంట్‌గా మార్చుకోవాలి, డబ్బు పౌండ్లలోనే ఉంచుకోవాలంటే ఆర్ఎఫ్‌సీ అకౌంట్ అడగండి. మన ఊళ్లో చిన్న బ్రాంచీల్లో ఆ పేరు చెప్తే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, మెయిన్ బ్రాంచికే వెళ్లండి, బేగి తేలుద్ది.

ట్యాక్స్ నేను పూర్తిగా చెప్పను, సీఏ గారి పని అది, మూడు ముక్కలు మాత్రం. ఒకటి, చాలా ఏళ్లు బయట ఉండొచ్చినవాళ్లకి మొదటి రెండు మూడేళ్లు ఆర్ఎన్ఓఆర్ అనే హోదా దొరకొచ్చు, అప్పుడు బయట దేశం ఆదాయం మీద ఇక్కడ మామూలుగా పన్ను పడదు. యూకే ప్రైవేట్ పెన్షన్‌లో పావు వంతు ట్యాక్స్ లేకుండా తీసుకునే లంప్‌సమ్ ఉంటే దాని సంగతి ఈ హోదా ఉండగానే మాట్లాడుకోండి. రెండు, పూర్తి రెసిడెంట్ అయ్యాక యూకే అకౌంట్లు, ఐసాలు (అక్కడి పొదుపు ఖాతాలు), ఇల్లు అన్నీ మన రిటర్న్‌లో చూపించాలి, అక్కడ ఐసాకి పన్ను లేదు కదా అని ఇక్కడ ఊరుకోరు, దాచితే పెనాల్టీ లక్షల్లో ఉంటాది. మూడు, అక్కడ ట్యాక్స్ ఏడాది ఏప్రిల్ 6న మొదలవుద్ది, మనది ఏప్రిల్ 1న, అందుకని పెన్షన్ స్లిప్పులు నెలనెలా దాచండి, ఏడాది మొత్తం కాగితం ఒక్కటే ఉంటే లెక్క కుదరదు.

ఇంక వైద్యం. ఎన్‌హెచ్‌ఎస్ హక్కు పాస్‌పోర్ట్ రంగు బట్టి కాదు, పన్నులు ఎన్నేళ్లు కట్టారన్నది బట్టీ కాదు, ప్రస్తుతం అక్కడ కాపురం ఉంటున్నారా లేదా అన్నదాన్ని బట్టి. ముప్పై ఏళ్లు అదే ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసిన డాక్టరుగారైనా సరే, బరంపురంలో కాపురం పెట్టాక చుట్టపుచూపుగా వెళ్లి ఇంగ్లాండ్‌లో ఆసుపత్రిలో చేరితే ఎన్‌హెచ్‌ఎస్ మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు బిల్లు వేయొచ్చు. జీపీ కన్సల్టేషన్, ఎమర్జెన్సీ విభాగంలో చూడడం ఫ్రీ, వార్డులో చేర్చుకున్నాక మీటర్ తిరగడం మొదలు. అందుకని పిల్లల్ని చూడ్డానికి వెళ్లినా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. అయితే అక్కడ ఉండే హక్కు ఉన్నవాళ్లు మళ్లీ పూర్తిగా అక్కడే ఉండిపోవడానికి వెళ్తే మొదటిరోజు నుంచే హక్కు తిరిగొస్తాది, ఆ తలుపు మూసుకుపోదు. జీహెచ్‌ఐసీ కార్డు, అదే యూరప్ వెళ్లినప్పుడు వైద్యానికి పాత ఈహెచ్‌ఐసీ బదులు ఇస్తున్నది, అది ఇండియాలో చెల్లదు, జేబులో బరువు తప్ప.

ఇక్కడ ఇన్సూరెన్స్ సంగతికొస్తే ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇచ్చేది) ఉన్నంత మాత్రాన మీరు భారత పౌరులు కారు, కాబట్టి గవర్నమెంట్ ఆరోగ్య కార్డుల మీద ఆశ పెట్టుకోకుండా సొంతంగా పాలసీ తీసుకోండి. 2024 ఏప్రిల్ నుంచి 65 దాటినోళ్లకి పాలసీ ఇవ్వకూడదన్న అడ్డు తీసేశారు, ముందే ఉన్న జబ్బులకి వెయిటింగ్ మూడేళ్లకి మించకూడదు. ఆ మూడేళ్లు బేగి మొదలవ్వాలంటే వచ్చిన వెంటనే తీసుకోవాలి, ఇల్లు రంగులేయించాక చూద్దాం అంటే మొదటికే మోసం. షుగరు, బీపీ, స్టెంట్ ఏదున్నా ప్రపోజల్ ఫారంలో రాసేయండి, దాచితే క్లెయిమ్ రోజున అదే అడ్డం పడుద్ది. నెట్‌వర్క్ ఆసుపత్రుల లిస్టులో బరంపురం ఒక్కటే చూడకండి. మనోళ్లు చిన్నదానికి బరంపురం గవర్నమెంట్ ఆసుపత్రి ఎంకేసీజీకో దగ్గర్లో నర్సింగ్ హోమ్‌కో వెళ్తారు, పెద్దదైతే భువనేశ్వర్, లేకపోతే రైలెక్కి విశాఖపట్నం. విశాఖలో డాక్టరుతో తెలుగులో మాట్లాడొచ్చని పెద్దవాళ్లు అటే మొగ్గుతారు. పాలసీలో విశాఖ ఆసుపత్రులు క్యాష్‌లెస్‌లో ఉన్నాయో లేవో చూడండి, ఒడిశా అడ్రసుతో తీసుకున్నా వేరే రాష్ట్రంలో పనిచేస్తాది, కానీ ఆసుపత్రి పేరు లిస్టులో ఉండాలి.

బయల్దేరేముందు జీపీ దగ్గర పూర్తి రికార్డు ప్రింట్ తీసుకోండి, మందులు జెనరిక్ పేర్లతో. రెండు మందుల దగ్గర మాత్రం నిజంగా జాగ్రత్త. అక్కడ రక్తం పలచబడడానికి వార్ఫరిన్ ఇస్తారు, ఇక్కడ ఎక్కువగా అసినోకౌమరాల్ రాస్తారు, రెండూ ఒకే పనికి అయినా డోసు ఒకటి కాదు, షాపులో ఇదే అదేనండీ అని ఇస్తే తీసుకోకండి, డాక్టరుగారు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష) చూసి మార్చాలి. రెండోది ఇన్సులిన్. యూకేలో ఇన్సులిన్ మామూలుగా మిల్లీలీటర్‌కి 100 యూనిట్లు. ఇక్కడ షాపుల్లో దొరికే సీసా చాలామటుకు 40 యూనిట్లది, దాని సిరంజీ కూడా వేరే, మూత రంగు కూడా వేరే. అక్కడి సీసా మందుని ఇక్కడి 40 సిరంజీతో తీస్తే 10 గీత దగ్గర వచ్చేది పది యూనిట్లు కాదు, ఇరవై ఐదు. రాత్రి అన్నం తినే ముందు అలా వేసుకున్నారంటే తెల్లారేసరికి స్పృహ ఉండకపోవచ్చు. పెన్నులు వాడితే రెండు చోట్లా మామూలుగా 100 యూనిట్లే, కాబట్టి నా సలహా పెన్ను మీదే ఉండండి, సీసా మీదున్నవాళ్లు వచ్చిన వారంలోనే ఇక్కడి డాక్టరు చేత కొత్తగా రాయించుకుని, తెచ్చుకున్న సిరంజీలూ ఇక్కడివీ ఒకే డబ్బాలో పెట్టకండి.

ఆఖర్న ఉత్తరాల సంగతి. యూకేలోని ఇంటర్నేషనల్ పెన్షన్ సెంటర్ వాళ్లు అప్పుడప్పుడు లైఫ్ సర్టిఫికెట్ పంపుతారు, మీరు బతికే ఉన్నారని సాక్షి చేత సంతకం పెట్టించి గడువులోపు తిరిగి పంపాలి, లేకపోతే పెన్షన్ ఆగిపోద్ది. అడ్రసులో ఉత్తి బరంపురం అని రాస్తే పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా బహరంపూర్‌కి వెళ్లిపోయే ప్రమాదం ఉంది, ఇంగ్లీషులో రెండు పేర్లూ దాదాపు ఒకేలా ఉంటాయి. బ్రహ్మపూర్, గంజాం జిల్లా, ఒడిశా, పిన్ 760 తో మొదలయ్యేది, మొత్తం రాయించండి, ఫోన్ నంబర్ కూడా. ఉత్తరం రాకపోయినా ఏడాదికోసారి మీరే ఫోన్ చేసి ఏదైనా పెండింగ్ ఉందా అని అడగండి. మీ నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, పెన్షన్ ఆఫీసు నంబరు ఇంట్లో ఇంకొకరికి, కొడుక్కో తమ్ముడికో, తప్పకుండా తెలిసుండాలి, మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ ఫారం వస్తే చూసుకునేది వాళ్లే కదా.